తలుపు లేని గోడలోంచి

పెద్ద హోటలు వెనకవైపు, చెత్తబళ్ళు వచ్చే సందులో ఉంటుంది ఆ లాండ్రీ. హోటలు ముందువైపు గాజు తలుపులు, పూలకుండీలు, వంగి పెట్టే సలాములు. వెనకవైపు ఆవిరి. పొద్దున బాయిలరు రాజుకున్న దగ్గర్నుంచి సాయంత్రం అది చల్లారేదాకా ఆ పొడుగాటి గదిలో మనుషులు సగం సగమే కనబడతారు. ఒకరికి కాళ్ళుండవు, ఒకరికి మొహం ఉండదు, ఒకరు మాట మాత్రమే ఉండి మనిషే ఉండరు. కొత్తగా పనిలో చేరినవాళ్ళకి మొదట్లో గుండె గుబేలుమంటుంది. తర్వాత అలవాటైపోతుంది. ఇంకొన్నాళ్ళు పోతే, బయట ఎండలో మనుషులు మరీ అంత పూర్తిగా కనబడటమే ఎబ్బెట్టుగా ఉంటుంది.

బాయిలరు చూసే అతన్ని అందరూ బాయిలరన్న అంటారు. పనిని బట్టి కాదు, కోపాన్ని బట్టి వచ్చిన పేరని గిట్టనివాళ్ళు చెబుతారు. గిట్టినవాళ్ళూ అదే చెబుతారు. వాళ్ళమ్మ ఇక్కడే దుప్పట్లు మడతపెట్టేది. తండ్రి పోయాక బడి మానేసి బొగ్గు ఎత్తడానికి వచ్చాడు. తర్వాత బొగ్గు పోయి గ్యాసు వచ్చింది, పాత మేనేజరు పోయి కొత్త మేనేజరు వచ్చాడు, అతను మాత్రం ఆ ఇనప తలుపు ముందే ఉండిపోయాడు. మధ్యలో పెళ్ళయింది. ఒకనాటి మధ్యాహ్నం పెళ్ళాం సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది. అడిగినవాళ్ళకి "ఊరెళ్ళింది" అని చెప్పాడు. ఏళ్ళు గడిచాయి. ఆ ఊరేమిటని అడగడం జనమే మానేశారు.

ఇప్పుడు అతని చెల్లెలు మళ్ళీ పుట్టింటికి వచ్చింది.

ఆమెని అందరూ పిచ్చుక అంటారు. చిన్నప్పుడు వెచ్చటి దుప్పట్ల కుప్పలో గూడు చేసుకుని నిద్రపోయేది కాబట్టి వాళ్ళమ్మ పెట్టిన పేరు. ఆమె మొగుడిది అద్దాల వ్యాపారం. కిటికీలకి గాజు కోసి బిగిస్తాడు, నిలువుటద్దాలకి చట్రాలు కడతాడు. ముందు గది కొట్టు, వెనకాల ఇల్లు. మనిషి దొరబాబులా ఉంటాడు, గొంతు పెంచడు, చెయ్యి ఎత్తిన పాపాన పోలేదు. అతను చేసేదల్లా అలగడం. "ఎవరితో నవ్వావు?" అని ఒక్క మాట అడుగుతాడు. జవాబు వినడు. ఇక రోజుల తరబడి ఇంట్లో మాటుండదు. అన్నం పెడితే తినడు, పెట్టకపోతే అడగడు. చివరికి ఒక సాయంత్రం కళ్ళనిండా నీళ్ళతో కొత్త అద్దం ఒకటి తెచ్చి గోడకి తగిలిస్తాడు. నువ్వు లేకపోతే చచ్చిపోతానంటాడు. గొడవకో అద్దం. ఇప్పుడా ఇంట్లో గోడ తక్కువ, అద్దం ఎక్కువ.

వచ్చినప్పుడల్లా "ఇంక వెళ్ళను అన్నయ్యా" అనే వస్తుంది పిచ్చుక. ఊరికే కూర్చోలేక లాండ్రీలో మడతల దగ్గర నిలబడుతుంది. కొన్నాళ్ళకి కూనిరాగం మొదలవుతుంది. ఆ కూనిరాగం వినబడిందంటే సంచీ సర్దే రోజు దగ్గర పడిందని బాయిలరన్నకి తెలిసిపోతుంది.

ఈసారి మాత్రం అతనికి భయం వేసింది. చెల్లెలు చిక్కి సగమై వచ్చింది. తల దువ్వుకునేటప్పుడు గోడవైపు తిరిగి దువ్వుకుంటోంది. వెనకనుంచి ఎవరైనా పలకరిస్తే ఉలిక్కిపడి, ముందు చేతులు చూసుకుని ఆ తర్వాత తల తిప్పుతోంది. ఈసారి వెళితే మళ్ళీ వచ్చేది పిచ్చుక కాదు, ఈకలే అని అతనికి అనిపించింది. పోనీ చెబుదామా అంటే, కిందటిసారి చెప్పాడు. "వాడు మనిషి కాదే" అన్నాడు. ఆమె ఆ పూటే సంచీ సర్దుకుని, ఆ తర్వాత చాలా కాలం ఫోను ఎత్తలేదు. అందుకని ఈసారి నోటికి తాళం వేసుకుని బాయిలరు ఒత్తిడి చూపించే గేజీలోని ముల్లు వంక చూస్తూ కూర్చున్నాడు.

కూనిరాగం మొదలయింది.

*

ఆ పాట లాండ్రీకి ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు. వాళ్ళమ్మ నాటికే ఉంది. ఆవిరికి రేడియోలు పాడైపోతాయని లోపల రేడియో పెట్టరు. అందుకని ఒకరి నోటినుంచి ఒకరి నోటికి వచ్చిందే పాట. పొద్దున పెద్ద యంత్రం తలుపు తెరిచి, నీళ్ళోడే దుప్పట్లని ఇద్దరేసి మనుషులు ఎత్తి ట్రాలీలో పడేసేటప్పుడు ఈ చరణం పాడతారు:

బరువాయె బరువాయె నీ చేతి పూలు
మసకాయె మసకాయె నా కంటి కలలు
తేనెంటె తాగితిని, చేదాయె లోలోన
గుమ్మాలు దిగుతున్నా, పిలవకు వెనకాల

"బరువాయె" దగ్గర ఎత్తాలి, రెండో "బరువాయె" దగ్గర పడెయ్యాలి. ఈ పాట లేకపోతే నడుములు ఏనాడో విరిగేవని మరకల పిన్ని అంటుంది. ఆవిడ పని మరకలు వదిలించడం. హోటలు గదుల్లో ఎవరేం చేశారో ఆవిడకి తెలిసినట్టు పైవాడికి కూడా తెలియదు.

మధ్యాహ్నానికి దుప్పట్లు రోలరులోంచి పొడిగా, తేలిగ్గా, కాగితాల్లా వస్తాయి. అప్పుడిద్దరు చెరో రెండు కొసలూ పట్టుకుని నిలబడతారు. పాట హుషారందుకుంటుంది:

తలుపు తీస్తే నువ్వే, తలుపు మూస్తే నువ్వే
తలుపు లేని గోడలోంచి వచ్చేదీ నువ్వే

"తీస్తే" అన్నప్పుడు వెనక్కి జరిగి దుప్పటి సాగదీస్తారు. "మూస్తే" అన్నప్పుడు ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలుపుతారు. ఆవిరిలో తెల్లటి దుప్పట్లు విచ్చుకుంటూ ముడుచుకుంటూ ఉంటే, మనుషులు కాక దుప్పట్లే ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నట్టుంటుంది. వాళ్ళమ్మా, ఆమెతో మడతలు పెట్టే మడతక్కా అలా ఎదురెదురుగా నిలబడి పాడుతుంటే చిన్నప్పుడు పిచ్చుక దుప్పట్ల కుప్పలోంచి నిద్రకళ్ళతో చూసేది. కల ఎక్కడ ఆగిందో, పాట ఎక్కడ మొదలయిందో తెలిసేది కాదు.

అందుకని ఆ లాండ్రీలో పాటకి అర్థం ఒక్కటే. పొద్దున పోట్లాట. విసిగి వేసారి గుమ్మం దిగిపోవడం. మధ్యాహ్నానికి మనసు ఆగక, ఎటు చూసినా ఆ మనిషే కనబడి, తిరిగొచ్చెయ్యడం. చేదు ముందు, తీపి వెనక. అక్కడి పెళ్ళిళ్ళన్నీ ఆ నమ్మకం మీదే నడిచాయి. ఏ ఆడది కన్నీళ్ళతో పనికొచ్చినా మిగతావాళ్ళు ఒకటే అనేవారు: "ఇంకా తడి దుప్పట్లేగా అమ్మా, మధ్యాహ్నం కానీ."

*

టీ వేళకి అందరూ పెరట్లో కూర్చున్నారు. పిచ్చుక ఫోను గణగణలాడింది. మొగుడు తన గొంతు రికార్డు చేసి, దాంతోపాటు ఒక పాటా పంపాడు. ఆమె చెవి దగ్గర పెట్టుకునేలోపే మడతక్క బొత్తాం నొక్కేసింది. మెత్తటి గొంతు పెరడంతా వినబడింది. "నువ్వెప్పుడూ పాడుకునే పాట దొరికింది. పాత రికార్డు. మన పాట. నీ కోసం ఎంత తిరిగానో నీకేం తెలుసు. శనివారం వస్తున్నా. సిద్ధంగా ఉండు."

"అబ్బో!" అంది మరకల పిన్ని. "నా మొగుడు పాట కాదు కదా, పాలపాకెట్టు కూడా వెతికి తేలేదు."

"పెట్టవే పిల్లా, విందాం," అంది మడతక్క. "ఇన్నాళ్ళూ పాడ్డమే గానీ విన్నదెవరు?"

బాయిలరన్న గ్లాసు కింద పెట్టి దగ్గరికొచ్చాడు. శనివారం అనే మాట అతని చెవిలో ముల్లులా దిగింది. ఒకవేళ ఈ పాట కూడా చెల్లెల్ని తీసుకుపోవడానికే వచ్చిందా?

ముందు చిటపటమని సూది చప్పుడు. తర్వాత గొంతు. ఆడ గొంతో మగ గొంతో చెప్పలేనట్టుంది, నూతిలోంచి వస్తున్నట్టుంది. అది పాడుతుంటే తీగల మీది తువ్వాళ్ళు కూడా ఊగడం తగ్గించినట్టనిపించింది. పల్లవి అయింది. వెంటనే "తలుపు తీస్తే నువ్వే" అందుకుంది.

"ఇదేంటే, ముందే తలుపు తీసేశారు!" అంది పిన్ని.

"హుష్, వినవే తల్లీ."

తలుపు చరణం అయింది. వయొలిన్లు ఏడ్చాయి. గొంతు కిందికి దిగి, అలిసిపోయి, "బరువాయె" అంది. వాళ్ళు యంత్రం దగ్గర అరిచినట్టు కాదు. చేతిలో ఉన్నదేదో ఇక మొయ్యలేక నేల మీద పెడుతున్నట్టు అంది. "గుమ్మాలు దిగుతున్నా, పిలవకు వెనకాల." ఆ "వెనకాల" దగ్గర గొంతు దూరమై, దూరమై, సన్నబడిపోయింది. మళ్ళీ చిటపట. ఆ తర్వాత ఏమీ లేదు.

అందరూ ఎదురుచూశారు.

"ఛార్జింగ్ పోయిందా?"

"ఉంది పిన్నీ."

"మరి ఆగిందేం? రాజీ ఏదీ?"

"మళ్ళీ పెట్టు. నీ వేలు తగిలుంటుంది."

మళ్ళీ పెట్టింది. మళ్ళీ తలుపు ముందే తెరుచుకుంది. మళ్ళీ ఆ మనిషి గుమ్మం దిగి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

"రికార్డు చేసినవాడెవడో తాగి చేసుంటాడు," అని పిన్ని తేల్చేసింది. "ఎక్కడైనా ముద్దు ముందొచ్చి తిట్టు తర్వాతొస్తుందా?"

మడతక్క చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "రాకేం? నాకలాగే వచ్చింది. ముందు తలుపే. ఆ తర్వాతంతా బరువే. నేనింకా ఆ బరువు దగ్గరే ఉన్నా, గుమ్మం దాకా పోలేదు." అందరూ పకపకా నవ్వారు. నవ్వు ఆగాక ఎవరి టీ వాళ్ళు చూసుకున్నారు.

పిచ్చుక నవ్వలేదు. ఫోను బోర్లించి ఒళ్ళో పెట్టుకుంది.

బాయిలరన్న ఎవరికీ చెప్పకుండా లోపలికొచ్చి బాయిలరు పక్కన కూలబడ్డాడు. రోజూ పొద్దున అతను రెండు గ్లాసులు కడిగి గట్టు మీద పెడతాడు. ఒకటి తనకి. రెండోది ఎవరికని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పుకోలేదు. పొద్దుటి పూట నడుస్తోంది, మధ్యాహ్నం వస్తుంది, తడి దుప్పట్లయ్యాక పొడి దుప్పట్లు రాకుండా ఎక్కడికి పోతాయి అనుకుంటూ ఇన్నేళ్ళు కూర్చున్నాడు. తీరా చూస్తే పాట ఎప్పుడో అయిపోయింది. ఇతనొక్కడే చిటపట వింటూ ఉన్నాడు. ఆవిరి మొహానికి కొట్టింది. తుడుచుకున్నాడు. ఆవిరిలో ఒక సుఖముంది. కళ్ళు ఎందుకు తడిశాయని ఎవరూ అడగరు.

*

ఇంట్లో మేనత్త ఉంటుంది. పళ్ళు పోయినా పెత్తనం పోని మనిషి. శనివారం అల్లుడొస్తున్నాడని తెలిసిన దగ్గర్నుంచీ ఆవిడ ముఖం వెలిగిపోతోంది.

"పాట వెతికి పంపాడంటే ఎంత ప్రేముండాలిరా? మీ మావయ్య నా పేరు కూడా సరిగ్గా పిలవలేదు. ఇదిగో అనేవాడు. ఇదిగో అనే పోయాడు."

"అది కాదత్తా, పాట చివర్లో వదిలేసి వెళ్ళిపోవడం ఉంది," అన్నాడు బాయిలరన్న. చెల్లెలు వింటోందని తెలిసే అన్నాడు. సొంత నోటితో అనలేని మాట పాట నోటితో అనిపిస్తున్నందుకు కాస్త సిగ్గు కూడా వేసింది.

"వెళ్ళిపోవడం అంటే చచ్చిపోవడంరా సన్నాసీ. అది దేవుడి మీద పాట. పూలు ఎవరికి పెడతాం? దేవుడికి. బతుకంతా పూలు మోసి, ముసలితనం వచ్చి, కళ్ళు మసకలై, ఇక ఈ ఇల్లు దిగుతున్నానని చెప్పడం. దేవుడు కాకపోతే తలుపు లేని గోడలోంచి వచ్చేదెవరు?"

గిన్నెలు తోముతున్న పిచ్చుక చెయ్యి ఆగిపోయింది. నీళ్ళు మాత్రం పారుతున్నాయి.

"దేవుడొస్తే ఫర్వాలేదత్తా," అంది నెమ్మదిగా.

"అంటే?"

"ఏం లేదు." కొళాయి కట్టేసి మేడ మీదికి వెళ్ళింది.

కాసేపాగి అతనూ వెళ్ళాడు. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. ఆకాశం ఉతికి ఆరేసి తియ్యడం మరిచిపోయిన బట్టలా వేలాడుతోంది. చుట్టూ మేడల మీద జనం ఎవరి పనుల్లో వాళ్ళున్నారు. ఒకావిడ జడ వేస్తోంది. ఒకాయన ఎవరూ వినకపోయినా ఫోనులో అరుస్తున్నాడు. పిచ్చుక పిట్టగోడకి ఆనుకుని నిలబడింది.

"అన్నయ్యా, మా ఇంట్లో అద్దాలు ఎలా పెట్టాడో నువ్వెప్పుడైనా చూశావా?"

"చూశాగా. బట్టలకొట్టులా ఉంటుంది."

"వంటింట్లో ఒకటి గుమ్మానికి ఎదురుగా ఉంటుంది. అందులోది నడవాలో అద్దంలో పడుతుంది. నడవాలోది పడగ్గది అద్దంలో. అక్కడ్నుంచి కొట్టులో గల్లాపెట్టె పైన ఉన్నదాంట్లో. తను కుర్చీలోంచి లేవక్కర్లేదు. నేను పొయ్యి దగ్గర నిలబడినా కనబడతాను. కిటికీ తీసినా కనబడతాను. ఫోను పట్టుకున్నా కనబడతాను."

ఆ అద్దాల ముందు నిలబడి బాయిలరన్న ఎన్నిసార్లు మీసం దువ్వుకున్నాడు! బావ అభిరుచి గల మనిషని లాండ్రీలో గొప్పగా కూడా చెప్పాడు.

"నాకు తెలియలేదు అన్నయ్యా, చాలాకాలం. ఒకరోజు పప్పు డబ్బా కోసం వంగి లేచేసరికి ఎదురుగా అద్దంలో అతని కళ్ళు. నేను అతని వైపు తిరగలేదు, అతను నా వైపు తిరగలేదు. ఇద్దరం గోడనే చూస్తున్నాం. ఆ గోడలోంచి నవ్వాడు. నాకు ముద్దొచ్చింది తెలుసా? ఆ పూటంతా తలుపు చరణం పాడుకున్నా. మన పాటలో ఉన్నట్టే ఉందే అనుకుని మురిసిపోయా."

గాలికి ఆమె జుట్టు మొహం మీద పడింది. తీసుకోలేదు.

"తలుపు తీస్తే నువ్వే, మూస్తే నువ్వే. సరే, బాగుంది. తలుపు లేని గోడలోంచి మనిషెందుకొస్తాడు అన్నయ్యా? అమ్మ పాడినా, మడతక్క పాడినా, ఇన్నేళ్ళుగా మనం పాడినా, ఒక్కరూ ఆ మాట అడగలేదు. మనం తీపి చరణం అనుకున్నదే భయం చరణం. దాన్ని చివర్లో పెట్టుకుని, అమ్మయ్య, కథ సుఖాంతం అనుకున్నాం."

"మరి... శనివారం?" అన్నాడతను. తాళం వేసిన నోట్లోంచి ఆ ఒక్క మాటే బయటికొచ్చింది.

"అతను ఏడిస్తే చూడలేను," అంది పిచ్చుక. "అదే నా భయం. ఇదంతా ఇప్పుడు ఇంత బాగా తెలుస్తోందా? అతను ఎదురుగా నిలబడి కళ్ళు తుడుచుకుంటే ఒక్క ముక్క గుర్తుండదు."

మేడల మీద దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. ఇద్దరూ కిందికి దిగలేదు. అన్నం చల్లారిపోతోందని కిందనుంచి అత్త అరుస్తూనే ఉంది.

*

శనివారం మధ్యాహ్నం, పొడి దుప్పట్లు రోలరులోంచి వస్తుండగా అద్దాలాయన వచ్చాడు. ఇంటికెళితే అత్త లాండ్రీకి దారి చూపించిందట. తెల్లటి చొక్కా, పక్కకి దువ్విన జుట్టు, చంకలో గుడ్డలో చుట్టిన కొత్త అద్దం.

"బాగున్నావా బావా?" అన్నాడు మెత్తగా.

"ఆఁ, ఏదో ఇలా. నువ్వెలా ఉన్నావు బావా?" అన్నాడు బాయిలరన్న. నాలిక తన మర్యాద తను చూసుకుంది.

అద్దాలాయన గుడ్డ విప్పాడు. అంచుల్లో తీగలు చెక్కిన మంచి అద్దం. విప్పిన మరుక్షణం ఆవిరి కమ్మేసి పాలగిన్నె మూతలా తెల్లబోయింది. జేబురుమాలుతో తుడిచాడు. మళ్ళీ కమ్మింది. మళ్ళీ తుడిచాడు.

"ఇక్కడ అద్దాలు ఆగవు బాబూ," అంది మరకల పిన్ని. "మా మొహాలు మేము చూసుకుని ఎన్నాళ్ళయిందో. ఆ అందం అలా నిలిచిపోయింది." మడతక్క కిసుక్కుమంది.

అతను పట్టించుకోలేదు. దుప్పటి కొసలు పట్టుకుని నిలబడ్డ పెళ్ళాం దగ్గరికి నడిచాడు.

"పాట విన్నావా?"

"విన్నా. నువ్వు చివరిదాకా విన్నావా?"

ఇక్కడే అతను దొరికిపోతాడని బాయిలరన్న రోజుల తరబడి ఆశపడ్డాడు. మొదటి చరణం విని మురిసి పంపేసి ఉంటాడు, చివర ఏముందో తెలియక నీళ్ళు నములుతాడు, పాటే చెల్లెలి పక్షాన నిలబడి మాట్లాడుతుంది అనుకున్నాడు.

"వినకుండా పంపుతానా?" అన్నాడు అద్దాలాయన. గొంతు వణికింది. "ఆ చివరి చరణం విని ఎంత ఏడ్చానో తెలుసా? అది నేనే. నీ కోసం ఎన్ని తెచ్చాను! ఎన్ని మోశాను! బరువాయె అంటుంటే నా భుజాలే గుర్తొచ్చాయి. నువ్వు లేని ఇంట్లో నిద్ర లేక కళ్ళు మసకలయ్యాయి నాకు. తేనె అనుకున్నది నిన్ను. చేదు మింగింది నేను. నా బాధ నాకంటే బాగా ఆ పాటకి తెలుసు."

నిజంగానే అతని కళ్ళు నిండాయి. దొంగ కన్నీళ్ళు కావు, అదే దారుణం. తనే బాధపడ్డవాణ్ణని అతను మనసా వాచా నమ్ముతున్నాడు.

బాయిలరన్న చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆయుధాన్ని అవతలివాడు లాక్కుని తన ఒరలో పెట్టుకున్నాడు. పాటకి ఎవరి మీదా అభిమానం లేదు. ఎవరు పాడుకుంటే వాళ్ళే మంచివాళ్ళు. తన పెళ్ళాం వెళ్ళిపోయిన మధ్యాహ్నం ఆమె చెవిలో ఏ చరణం మోగిందో, అందులో తను ఎవరో, మొదటిసారి అతనికి అనుమానం వచ్చింది. ఆ అనుమానాన్ని చూసుకునే తీరిక లేదు. ఎందుకంటే చెల్లెలి మొహం మారుతోంది.

ఆవిరి మధ్యలో ఆమె మొహం మెత్తబడటం అతనికి కనబడింది. కనుబొమలు కొద్దిగా కిందికి దిగాయి. పెదవి కదిలింది. చేతిలో దుప్పటి కొసలు వాలాయి. మేడ మీద చెప్పినట్టే, ఒక్క ముక్క గుర్తుండని చోటికి ఆమె మెల్లగా, నిద్రలో నడిచినట్టు నడిచిపోతోంది. రోలరు తిరుగుతోంది. యంత్రాలు దబదబమంటున్నాయి. నోరు తెరవాలనిపించింది, తెరిస్తే చెడిపోతుందనిపించింది. అతను గేజీ వంక చూశాడు.

"అయితే అది నువ్వేనా?" అంది పిచ్చుక. గొంతు నిజంగా అడిగినట్టే ఉంది, జాలిగా కూడా ఉంది.

"నేనే."

"బరువు మోసిందీ, చేదు తాగిందీ?"

"ప్రతి ముక్కా నేనే. ఇప్పటికైనా తెలిసిందా?"

ఆమె తల ఊపింది. చాలాసేపు ఊపింది, లోపల ఏదో కొలుచుకుంటున్నట్టు. తర్వాత దుప్పటి కొసలు మళ్ళీ పైకెత్తి పట్టుకుంది.

"ఆ చరణం నీదే అయితే చివరి ముక్క కూడా నీదేగా," అంది. "గుమ్మం దిగి వెళ్ళేదీ నువ్వే. అంత బరువు మోసినవాడివి ఇంకా ఎందుకు మోస్తావు? దిగు. నేను వెనకాల పిలవను."

అతను నవ్వాడు. వేళాకోళం అనుకున్నాడు. ఆమె నవ్వలేదని చూసి నవ్వు ఆపేశాడు. ఏదో అనబోయి, ఎప్పుడూ పనికొచ్చే పని చేశాడు. మాట మానేశాడు. మొహం పక్కకి తిప్పుకుని, దవడ బిగించి నిలబడ్డాడు. ఇంట్లో అయితే ఆ మౌనం గోడలకి పట్టేది, పళ్ళెంలోకి దిగేది, పరుపు మధ్యలో పడుకునేది. ఇక్కడ పెద్ద యంత్రం దబదబమంటూనే ఉంది, వాల్వు ఈలేస్తూనే ఉంది, పిన్ని ఎవరి తువ్వాలో పట్టుకుని "ఛీ ఛీ, ఇదేం మరకే" అని అరుస్తూనే ఉంది. అతను మాట్లాడ్డం లేదని ఎవరికీ తెలియను కూడా తెలియలేదు.

చాలాసేపటికి అద్దాన్ని గుడ్డలో చుట్టుకున్నాడు. సందులోకి దిగే మెట్ల వైపు నడిచాడు. మెల్లగా నడిచాడు, పిలిచే మనిషికి వీలుగా. మొదటి మెట్టు దిగి ఆగాడు. చెప్పు సరిచేసుకున్నాడు. ఇంకో మెట్టు దిగాడు. నడుము దాకా ఆవిరిలో కలిసిపోయాడు. తెల్లచొక్కా, ఆవిరి ఏది ఏదో తెలియడం లేదు.

సరిగ్గా అప్పుడు బాయిలరన్న నోరు తెరిచాడు. కోపం కాదు, జాలి కాదు, వట్టి అలవాటు. పుట్టి బుద్ధెరిగాక గడప దాకా వచ్చిన బావని టీ అయినా ఇవ్వకుండా పంపిన పాపాన పోలేదతను. "బావా, టీ తాగి..." అనే మాట గొంతులో తయారై, నాలిక చివర నిలబడింది. ఆ ఒక్క మాట చాలు, మెట్టు మీద మనిషి వెనక్కి తిరగడానికి.

పిచ్చుక అన్న వంక చూసింది. బతిమాలలేదు, కసరలేదు. దుప్పటి కొసలు రెండు చేతులా పట్టుకుని అలా చూసింది, అంతే.

అతను నోరు మూసుకున్నాడు. దవడలు నొప్పి పుట్టేంత గట్టిగా మూసుకున్నాడు. కింద సందులో చెత్తబండి హారను కొట్టింది. అడుగుల చప్పుడు దాని పక్కనుంచి వెళ్ళి, వీధిలో కలిసిపోయింది.

"రెండో వైపు ఎవరైనా పట్టుకోండమ్మా, చేతులు లాగుతున్నాయి," అంది పిచ్చుక.

మడతక్క పరిగెత్తుకొచ్చి కొసలందుకుంది. పాట ఎవరూ ఎత్తుకోలేదు. పాట లేకుండా మడిచిన మొదటి దుప్పటి కాస్త వంకరగా వచ్చింది. విప్పి మళ్ళీ మడిచారు.